పదకొండు ముడులు

అరచెయ్యి కదపొద్దని చెప్పింది పశువుల డాక్టరమ్మ. నొక్కొద్దు, ఎత్తొద్దు, మందునీళ్ళలో తడిపిన గాజుగుడ్డ మీద ఊరికే ఆనించి ఉంచండి, అంతే అంది. గూట్లో గుడ్డు మీద చెయ్యి పెట్టినట్టు, అని కటింగు మాస్టరు తనకు తాను అర్థం చెప్పుకున్నాడు. భార్య అతని చెవి దగ్గర ఫోను పట్టుకుని ఉండగా ఆ మాటలన్నీ విన్నాడు. అవతల ఆవు మూలుగుతోంది. "ఇక్కడ దూడ అడ్డం తిరిగింది మాస్టారూ, నా చెయ్యి ఒకటి లోపలే ఉంది. ఇది బయటపడగానే బయల్దేరతా, గంట పట్టొచ్చు. అంతదాకా దాన్ని లేవనివ్వకండి. పైకుట్టు ఒక్కటే విడిపోతే భయం లేదు, అక్కడి చర్మం మొద్దుబార్చి మళ్ళీ వేసేస్తా. లోపలి వరస కూడా వదిలిందంటే మాత్రం మళ్ళీ పూర్తి మత్తు ఇవ్వాలి. దాని గుండె సంగతి మీకు చెప్పాను కదా." చెప్పింది. అయిదు రోజుల కిందట, ఆపరేషనుకు ముందే చెప్పింది, పదమూడేళ్ళ కుక్కకు మత్తు ఒకసారి ఇవ్వడమే ఎక్కువ, రెండోసారి ఇస్తే లేస్తుందని నేను మాటివ్వలేనని. ఫోను పెట్టేశాక భార్య అక్కడే గోడకానుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. "నావల్లే. పొద్దున తిండి పెట్టేటప్పుడు, కుట్టు నాకకుండా మెడకు కట్టిన గరాటు తీశాను, ఎవరో తలుపు కొడితే పోయాను, రెండంటే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే నాకేసింది. నా చేతులు విరగ." తర్వాత, ఆవిడకు మన సందు తెలీదు, మలుపులో నిలబడతానని చెప్పి, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అతని చెప్పు వేసుకుని వెళ్ళిపోయింది. అతను ఆ చెప్పుల సంగతి చూశాడు. చెప్పలేదు. నీవల్ల కాదనీ చెప్పలేదు. గోడ మీద గడియారంలో తొమ్మిదీ పది. అతని చొక్కా జేబులో రెండు నీలం దారపు ముక్కలున్నాయి, గోరంత పొడవు కూడా లేవు, అయినా ఆ జేబు బరువుగా ఉంది.

ఆ కుక్క, గుండీ, కుడిపక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఎడమ డొక్క మీద, ఆఖరి పక్కటెముకకూ తొడకూ నడుమ, జానెడు గాయం, దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద అతని కుడి చెయ్యి. ఎడమ చెయ్యి దాని తల మీద. గాయం చుట్టూ బొచ్చు గొరిగిన చోట చర్మం బూడిదరంగులో, అక్కడక్కడ నల్లమచ్చలతో ఉంది. పదమూడేళ్ళుగా పైవైపు మాత్రమే చూసిన బట్టను ఎవరో తిరగేసి చూపించినట్టు. కోసి తీసిన ఆ గడ్డను మొదట చూసింది కూడా కళ్ళు కాదు, వేళ్ళే. ఎండాకాలం మొదట్లో దాని వీపు నిమురుతుంటే డొక్క దగ్గర వేలు తట్టుకుంది, మడతలో ముడి పడ్డ దారం తట్టుకున్నట్టు, శనగగింజంత. నెలకు ఉసిరికాయంత. మూడు నెలలకు నిమ్మకాయంత. రోజూ తడిమి కొలుచుకునేవాడు, నోరెత్తేవాడు కాదు. భార్యకు చెప్పేసరికి ఆమె, "నాకు తెలుసులే, నేనూ రోజూ చూస్తూనే ఉన్నా, నువ్వెప్పుడు చెప్తావా అని" అంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే గడ్డను మూడు నెలలు విడివిడిగా కొలిచారు. గుండీ ఊపిరి అరచేతి కింద లేస్తోంది, దిగుతోంది. లేచినప్పుడు గుడ్డ కింద ఆ రెండు అంచులూ ఎంత ఎడమవుతున్నాయో అని అతని ప్రాణం అక్కడికి పోతోంది. దిగినప్పుడు వెనక్కి వస్తోంది.

వానలో వచ్చింది ఇది. బల్ల కింద గుడ్డముక్కల పోగులో దూరి పడుకుంది, పిడికెడంత ఉంది, ముక్కలు ఊడవబోయిన భార్య చీపురును పట్టుకుని వేలాడింది. ఆ సాయంత్రమే ఒక కోటు గుండీ మింగేసింది, నాలుగు కన్నాల గోధుమరంగు గుండీ, అలాంటిది మళ్ళీ దొరకదు. కోటు మర్నాటికివ్వాలి. రెండు రోజులు దాని వెనక పుల్ల పట్టుకుని తిరిగింది భార్య. దొరికిన గుండీని ఏడుసార్లు కడిగి, మరిగించి, కోటుకే కుట్టేశారు. ఆ కోటాయన ఇప్పటికీ చలికాలం అది వేసుకుని వీధిలో పోతూ, మధ్య గుండీ మీద చెయ్యి పెట్టుకుని పలకరిస్తాడు. భార్య లోపలికి పోయి నవ్వుకుని వస్తుంది. పేరు మాత్రం అలా మిగిలిపోయింది. గుండీ. మెషీను కింద పడుకోవడం అలవాటైంది, తొక్కుడుపలకకు చెవి దాదాపు తగిలేలా. అతను తొక్కుతున్నంతసేపూ నిద్రపోతుంది, ఆపితే కళ్ళు తెరుస్తుంది. ఏం, అయిపోయిందా అన్నట్టు. అయిపోలేదు, దారం తెగింది, అని అతను దానికి చెప్పేవాడు. రోజు మొత్తంలో అతను విడమర్చి చెప్పే మాటలు చాలావరకు దానికే.

మాటల సంగతి వేరు. అతనికి పని నేర్పిన గురువు ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేవాడు, కస్టమరు ఒంటి మీద బట్ట సరిచూసేటప్పుడు ఒక్కోటీ తీసి గుచ్చడానికి. చూసి అతనూ అలాగే పెట్టుకున్నాడు. నోట్లో పన్నెండు సూదులుంటే మనిషి ఏం మాట్లాడతాడు. తలూపుతాడు, ఊఁ అంటాడు. తర్వాత సూదులు గుచ్చుకునే మెత్త వచ్చింది, మణికట్టుకు కట్టుకునేది. నోరు ఖాళీ అయింది గాని తెరుచుకోవడం మర్చిపోయింది. "ఏమయ్యా, ఇవ్వాళ ఎన్ని సూదులు మింగావు?" అని అడుగుతుంది భార్య, పొద్దుగూకే దాకా ఒక్క మాట లేకపోతే. గురువు పెట్టిన ఇంకో అలవాటు చేతిది. కుట్టు ఎంత బాగున్నా చివర దారం వేలాడితే స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద ఒక్కటి వేసేవాడు. "దారం కాదురా వేలాడేది, నీ పరువు" అనేవాడు. వేళ్ళు వాచిపోయేవి. వాచిన వేళ్ళతో ఇంకా నున్నగా కత్తిరించేవాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు అతని కంటికి వేలాడే దారం ఎక్కడ కనపడినా చెయ్యి ఆగలేదు. బస్సులో ముందు సీటాయన కాలరు వెనక, బ్యాంకు గుమాస్తా మోచేతి దగ్గర, ఒకసారి శవం మీద కప్పిన దుప్పటి అంచున. అందరూ దణ్ణం పెడుతుంటే అతను వంగి పుటుక్కున తెంపాడు. ఇంటికొచ్చాక భార్య వారం రోజులు ఆ మాట పట్టుకుని నవ్వింది, ఆయన పరువు కాపాడావు పో, అని.

ఆపరేషనయ్యాక గుండీని ఇంటికి తెచ్చిన రోజున ఆ కుట్టు చూసి అతని మనసు చివుక్కుమంది. ఏడుపు రావాల్సిన చోట ముందు అదే వచ్చింది. ఇదేం కుట్టు. ఒక వరసగా పోక, విడివిడిగా పదకొండు ముడులు, ముడి మీద ముడి, ప్రతి ముడికీ రెండేసి చివర్లు అరంగుళం పైన వదిలేసి. పిల్లి మీసాల్లా అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. అంత చదువు చదివింది, అంత ఓపిగ్గా చర్మం అంచులు కలిపింది, ఎక్కడా ముడత లేదు, చివర్లు కత్తిరించడానికి మాత్రం చెయ్యి రాలేదా. పాపం, అలిసిపోయి ఉంటుంది, అనుకున్నాడు. వెనక ఇంకెన్ని జంతువులు వరసలో ఉన్నాయో. అడగాలని కూడా అనిపించింది, అడగలేదు. మూడు రోజులు చూశాడు. పొద్దునా సాయంత్రం దూది మందునీళ్ళలో ముంచి తుడిచినప్పుడల్లా ఆ చివర్లు దూదికి పట్టుకుంటున్నాయి, దూదిపోగులు చుట్టుకుంటున్నాయి, గుండీ చర్మం జలదరిస్తోంది. దానికి గుచ్చుకుంటున్నాయేమో కూడా. నిన్న మధ్యాహ్నం, భార్య కాజాలు కుట్టిన చొక్కాలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు, దారాల కత్తెర తీశాడు. చిటికెన వేలంత కత్తెర. నీళ్ళు మరగబెట్టి అందులో వేశాడు, స్పిరిటుతో తుడిచాడు, అద్దాలు పెట్టుకున్నాడు. ఒక్కో ముడీ, దానికి ఆనించి, నున్నగా. పదకొండు. గుండీ ఒక్కసారి కూడా కదల్లేదు. అయ్యాక వెనక్కి వంగి చూశాడు. ఇప్పుడు కుదిరింది అనుకున్నాడు. పదో రోజున కుట్లు విప్పడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చూసి, ఎవరు మాస్టారూ ఇంత శుభ్రంగా, అని అడుగుతుందని కూడా అనుకున్నాడు, నిజంగా అనుకున్నాడు. తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

చివర అంటే పరువు ఒక్కటే కాదు, పట్టు కూడా అని అతనికి తెలియనిదేం కాదు. నూలుదారం మైనం రాసి ముడేస్తే ముడి ఒకదాన్నొకటి కొరుక్కుని కూర్చుంటుంది, చివర లేకపోయినా పోదు. ఇది నూలు కాదు. వేళ్ళ మధ్య పెట్టి చూస్తే పొద్దున తెలిసింది, గాలానికి కట్టే తీగలాంటిది, నున్నటిది, జారేది. అదొక్కటే అయితే తెలియక చేశానని సర్దుకునేవాడు. విప్పడానికి వేసిన కుట్టు కదా ఇది. పదో రోజున విప్పుతానని ఆవిడ చెప్పలేదూ? తర్వాత విప్పేసే కుట్టును తన బల్ల మీద తను ఏమంటాడు? కచ్చాకుట్టు. కోటుకు ముందు వేసి, సరిచూసి, అసలుకుట్టు పడ్డాక లాగి పారేసేది. కచ్చాకుట్టుకు ఎవడైనా చివర కత్తిరిస్తాడా? లాగడానికి చిటికెడు దారం ఉండాలని వేలెడు పొడవు వదిలేది తను కాదూ? యాభై ఏళ్ళు వదిలిన చెయ్యి. అక్కడ అసలుకుట్టు గుండీ ఒళ్ళే వేసుకుంటోంది లోపల, మెల్లగా, ముసలి ఒళ్ళు గనక ఇంకా మెల్లగా. అది పూర్తయ్యేదాకా పట్టుకుని ఉండమని పైన కచ్చా వేసింది ఆ అమ్మాయి. ఈ సంగతి పొద్దున పక్కబట్ట మీద రెండు నీలం ముక్కలు చూసినప్పుడు అతనికి ఒక్క క్షణంలో, కాళ్ళలోంచి తల్లోకి వచ్చింది. ఆరో ముడి, ఏడో ముడి. సరిగ్గా నడుమ, వెనక కాలు చాపితే లాగేచోట. చొక్కాకైనా చంక వంపు దగ్గరే ముందు వదిలేది. అతను ముక్కలు తీసి జేబులో వేసుకున్నాడు, ఎందుకు వేసుకున్నాడో తెలీదు, అప్పుడే భార్య తలుపు దగ్గర్నుంచి తిరిగొచ్చి గాయం చూసి కెవ్వుమంది. అయ్యో నేను గరాటు తీశానే అంది. ఆ ఒక్క మాటతో అతనికి దారి దొరికిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

"బావోయ్! ఏంటివ్వాళ, మెషీను చప్పుడే లేదు? రిపేరుకొచ్చింది మెషీనా నువ్వా?" కిటికీ చువ్వల మధ్య ఎదురింటి డ్రైవరు ముఖం. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి మానేసినా హారను గొంతులోనే మిగిలిపోయిన మనిషి. "మా చెల్లెలు అక్కడ మలుపులో ఆఖరి బస్సు తప్పిపోయినదానిలా నిలబడింది, కాలికో రకం చెప్పు, అడిగితే కళ్ళు తుడుచుకుంటోంది. మళ్ళీ ఏం చేశావయ్యా?" ఆ గొంతు వినగానే గుండీ తోక లేచింది. రోజూ కిటికీలోంచి రొట్టెముక్క పడేసే గొంతు అది. ముందుకాళ్ళు దగ్గరికి తీసుకుంది, మెడ ఎత్తింది, గరాటు నేలకు కొట్టుకుంది. డొక్క బిగుసుకుంది. అరచేతి కింద గుడ్డ కొంచెం, దారమంత, కదిలింది. "పో" అన్నాడు అతను. "ఓర్నీ, మూడు రోజులకో మాట, అదీ పొమ్మని!" అన్న డ్రైవరు అప్పుడు చూశాడు, నేల మీద కూర్చున్న మనిషిని, గాయం మీది చేతిని. గొంతు ఒక్కసారిగా సగానికి పడిపోయింది. "సరే సరే. కనపడను. సందు మొదట్లో ఉంటా, ఆవిడ బండి వస్తే ఇటు తిప్పుతా. మలుపుల పని నాకొదిలెయ్." ముఖం పోయింది. తోక ఆగలేదు. గుండీ కిటికీకేసే చూస్తోంది, ఇంకో రెండు క్షణాల్లో లేస్తుంది, లేస్తే ఆపడానికి అతనికి మూడో చెయ్యి లేదు. మాటలతో ఆపుదామంటే నోట్లో ఏం లేవు. అప్పుడు పాదం కదిలింది. అతను కదపలేదు, అదే కదిలింది. మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు, గచ్చు మీద, మెషీను తొక్కినట్టు. చొక్కా పొడుగు కుట్టేటప్పటి నడక, తొందర లేనిది. గరాటు లోపల గుండీ చెవి ఇటు తిరిగింది. కాసేపు విన్నది. మెడ దించింది. తోక రెండుసార్లు నేల తుడిచి ఆగింది. అరచేతి కింద డొక్క వదులైంది. అతను తొక్కుతూనే ఉన్నాడు. దారం లేదు, బట్ట లేదు, చక్రం లేదు.

తొక్కుతుంటే ఎప్పటిలా మనసు ఎటో పోయింది. భార్యను చూడకముందు ఆమె కాజాలు చూశాడు అతను. వేరే కొట్టులో కుట్టిన చొక్కా ఒకటి చేతులు పొట్టి చేయమని వచ్చింది. చొక్కా మామూలుదే, కాలరు కూడా ఒక పక్క లాగింది, కాజాలు మాత్రం చీమలు వరసకట్టి నిలబడ్డట్టు, ఒక్క కుట్టు ఇంకోదానికి పెద్దా చిన్నా లేకుండా ఉన్నాయి. చేతులు పొట్టి చేసి ఇచ్చేశాడు. ఆ కాజాలు ఎవరివని అడగడానికి మాత్రం ఆ కొట్టు ముందు మూడు రోజులు అటూ ఇటూ తిరిగాడు. నాలుగో రోజు ఆమే బయటికొచ్చి, "ఏం కావాలి నీకు? ఊరికే తిరుగుతావేం, నిన్ను చూసి మా ఓనరు కత్తెరలు లెక్కపెట్టుకుంటున్నాడు" అంది. నలభై ఏళ్ళయింది. ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు, కుట్టగలదు గాని సూదిలో దారం ఎక్కించలేదు. అతను పొద్దున్నే పది సూదుల్లో దారం ఎక్కించి, మెత్తకు గుచ్చి, ఆమె పీట దగ్గర పెడతాడు. ఎప్పటినుంచో, ఎవరడిగారో గుర్తులేదు, ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇవ్వాళ పెట్టలేదు. మెత్త అక్కడే ఉంది, పది సూదులు, కన్నాలు ఖాళీ. ఇంకోటి గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. ఒకసారి బట్ట మడత తప్పు వేసి, ఒక కోటుకు రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. కత్తెర నోరు తెరిచాక బట్ట మళ్ళీ అతకదు. ఆ కోటు కుట్టమన్నాయన వస్తే, బట్ట తక్కువొచ్చిందండీ అన్నాడు. ఆయన ఇంకో మూర తెచ్చిచ్చి వెళ్ళాడు. భార్య అక్కడే కాజా కుడుతోంది, తలెత్తలేదు. ఆ సాయంత్రం మిగిలిన ఎడమ చెయ్యిని మడతపెట్టి అతని దిండు కింద పెట్టింది. అంతే. అది ఎత్తు తగ్గి మెత్తబడేదాకా దాని మీదే పడుకున్నాడు.

అప్పుడు అబద్ధం ఆడింది ఎవరో బయటివాడితో. ఇప్పుడు అబద్ధం కూడా ఆడలేదు. ఆమె చెప్పుకున్నది కాదనలేదు, అంతే కదా. అంతే అనుకోవచ్చు గానీ, అంతే కాదని పాదానికి కూడా తెలుసు, నడక ఒక్కసారి తప్పింది, గుండీ కన్ను తెరిచింది. మళ్ళీ సర్దుకున్నాడు. లోపలి వరస విడిపోయి ఉంటే? అస్తరు నిలిస్తే పైబట్ట ఎలాగైనా కుట్టుకోవచ్చు. అస్తరే పోయి ఉంటే, బల్ల, మత్తు, ఆ గుండె. ఆ బల్ల మీంచి ఇది లేవకపోతే ఆమె మిగిలిన ఆయుష్షంతా రెండు నిమిషాలు గరాటు తీసినందుకు ఏడుస్తుంది. తిండి పెట్టినందుకు ఏడుస్తుంది. తను ఆమె పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కిస్తుంటాడు. ఆ బొమ్మ కళ్ళ ముందు ఎంత స్పష్టంగా వచ్చిందంటే అతను తల తిప్పుకున్నాడు. గచ్చు మీద ఎండచారిక కిటికీ దగ్గర మొదలై ఇప్పుడు మెషీను కాలు తాకింది. తడిగుడ్డ ఆరుతోంది, అంచులు వెచ్చబడ్డాయి. ఎడమ చెయ్యి తల మీంచి తీసి, సీసా వంచి రెండు చుక్కలు పోశాడు, మళ్ళీ తల మీద పెట్టాడు. గుండీ నోటి దగ్గర వాసన, మందువాసన, తడిబొచ్చు వాసన, అందులో ఎక్కడో అడుగున మెషీను నూనె వాసన. పదమూడేళ్ళు మెషీను కింద పడుకున్నందుకు. పదీ అయిదు. సందులో బండి చప్పుడు, దాని కంటే ముందు డ్రైవరు కేకలు. "వెనక్కి, వెనక్కి, కుడికి కొట్టమ్మా, కుడికి, ఇంకా రానీ, రానీ... హోల్డాన్!"

డాక్టరమ్మ చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది, అయినా ఆవువాసన వదల్లేదు. "దూడ బతికింది" అంది ఎవరూ అడక్కముందే, గుండీ పక్కన నేల మీద కూలబడుతూ. భార్య గుమ్మంలో నిలబడి ఆయాసపడుతోంది. "తల్లీ, నాదే తప్పు, గరాటు తీశాను, రెండు నిమిషాలు, అది నాకేసి..." "నాకిందా?" అంటూ డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంటోంది. ఇంకొక్క క్షణం. గుడ్డ ఎత్తుతుంది, లోపలి వరస చూస్తుంది, నిలిచిందంటుంది, అప్పుడు చెప్పొచ్చు, అప్పుడు తేలిక. లేకపోతే లేదంటుంది. అప్పుడు చెప్పలేడు. తన సంగతి తనకు తెలుసు.

"నాకలేదు" అన్నాడు.

ఇద్దరూ అతని వైపు చూశారు. కుడి చెయ్యి గాయం మీద, ఎడమ చెయ్యి తల మీద. "జేబులో" అన్నాడు భార్యతో. "తియ్యి."

ఆమె వంగి అతని చొక్కా జేబులో రెండు వేళ్ళు పెట్టింది. తీసిన నీలం ముక్కలు అరచేతిలో వేసుకుని కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. సూదికన్నం ఆనని కళ్ళే, దారం చివర మాత్రం ఆమెకు వేళ్ళతో తెలుస్తుంది. కొరికిన చివర చిట్లుతుంది. కత్తెర పడ్డ చివర చదునుగా ఉంటుంది. బొటనవేలితో రాసి చూసింది.

"ఎప్పుడు?"

"నిన్న. పదకొండూ."

"పొద్దుట్నుంచీ నేను గుండెలు బాదుకుంటుంటే," అంది ఆమె, గొంతు పెంచకుండా, "చూస్తూ కూర్చున్నావా?"

అతను తలూపాడు. డాక్టరమ్మ ఇద్దర్నీ ఒకసారి చూసి, చెయ్యి తియ్యండి మాస్టారూ అంది. గంట తర్వాత అతను చెయ్యెత్తాడు, వేళ్ళు అదే వంపులో బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె గుడ్డ తొలగించి, చిన్న లైటు వేసి, వేలితో అంచు జరిపి చూసింది. చూసింది. ఇంకా చూసింది. ఎంతసేపు చూస్తుందీ పిల్ల. "నిలిచింది" అంది. "లోపలిది గట్టిగానే ఉంది. మీరు లేవనివ్వలేదు గనక నిలిచింది." భార్య గుమ్మంలోనే నేల మీద కూర్చుండిపోయింది, చెప్పులతో సహా.

చర్మం మొద్దుబారడానికి సూది వేసి, అంచులు శుభ్రం చేసి, ఊడిన చోట రెండు కొత్తవి, మిగతా తొమ్మిదీ నమ్మలేనంటూ మధ్యలో ఇంకో నాలుగు వేసింది. కుట్టినంతసేపూ అతను తొక్కుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ మొదట ఆ పాదాన్ని చూసింది, తర్వాత గుండీ చెవిని చూసింది. కొంతసేపటికి ఆమె సూది కూడా ఆ నడకలోనే పడింది. ప్రతి ముడికీ చివర అరంగుళం వదిలి, "ఈ చివరే దీని పట్టు" అంది, పాఠం చెప్పినట్టు కాకుండా తనలో తను అనుకున్నట్టు. ఆమె కోటు ముంజేతి దగ్గర మడత విడిపోయి, తెల్లదారం ఒకటి వేలాడుతోంది. సూది లేచినప్పుడల్లా గాయం పైన అటూ ఇటూ ఊగుతోంది. అతను దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. అది అలాగే ఊగుతూ కోటుతో పాటు బండెక్కి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక భార్య చెప్పులు విప్పింది, ఏది ఎవరిదో అప్పుడు చూసుకుంది, పక్కపక్కన పెట్టింది. బల్ల సొరుగు తీసి దారాల కత్తెర తీసుకుంది, కొలతల టేపు ముక్క ఒకటి దాని వేళ్ళకన్నంలోంచి దూర్చి, మెడలో వేసుకుంది. అతని వైపు చూడలేదు. లోపలికి పోయింది, గిన్నెల చప్పుడయింది, మళ్ళీ వచ్చింది. రేపటికివ్వాల్సిన చొక్కాలు ఒళ్ళో వేసుకుని పీట మీద కూర్చుంది. మెత్త చేతిలోకి తీసుకుంది. పది సూదులూ వేళ్ళతో తడిమింది. ఒకటి పీకి, కళ్ళ దగ్గర పెట్టుకుని, దారం నోట్లో తడిచేసుకుని, ఒకసారి పొడిచింది, తప్పింది. రెండోసారి. మూడోసారి. అతను చూస్తూ కూర్చున్నాడు, ఇందాకటిలాగే, పాదం ఆగిపోయింది. అప్పుడు ఆమె సూదీ దారమూ అలాగే పట్టుకుని చెయ్యి చాపింది. అతను తీసుకున్నాడు. చెయ్యి ఇంకా వంకర తిరిగే ఉంది, అయినా ఒక్కసారికే ఎక్కింది. లాగి, ముడేశాడు. ముడి కింద దారం నాలుగు వేళ్ళ పొడవు మిగిలింది. అలవాటుగా చెయ్యి నేల మీద కత్తెర కోసం వెతికింది. తర్వాత ఆగింది. ఆ చివర అలాగే వేలాడుతుండగా సూదిని ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఆ చివరను చూసింది. పడుకున్న గుండీని చూసింది, నిద్రలో పక్కకు జారిన దాని తోకను చూసింది.

"నయం," అంది చొక్కా మీదికి వంగుతూ, "తోక వేలాడుతోందని అదీ కత్తిరించలేదు."